ఖాళీ సంచీలను ఆపే పిన్నిగారు

పోయిన వారం మరకి సున్నం కొట్టించాను. గోడకి ఆనించి ఉన్న పాత చెక్కపెట్టెను జరిపితే దాని వెనక నాలుగు కాగితాలు దొరికాయి. కంప్యూటర్ ప్రింట్లు. రంగులు వెలిసిపోయాయి. నాలుగింటికీ పైభాగం కత్తెరతో కోసేసి ఉంది. ఒకదాని మీద మాత్రం, సరిగ్గా మధ్యలో, ఎర్రటి బొటనవేలి ముద్ర.

"పారేయమంటారా?" అన్నాడు సున్నం కొట్టేవాడు. అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆ ముద్ర పడ్డ కాగితం నాది. ముద్ర పిన్నిగారిది. "ఇది ఎవరూ కొనరు" అని ఆవిడ వేసిన ముద్ర అది.

పిన్నిగారంటే నాకు చుట్టరికం ఏమీ లేదు. గుంటూరు నుంచి నల్లపాడు వెళ్ళే దారిలో మాది కారం మర. ఆవిడ నల్లపాడు స్టేషన్ దగ్గర మెస్ నడిపేది. కోచింగుల కోసం వచ్చిన పిల్లలూ, రైల్వే ఉద్యోగులూ అక్కడే తినేవాళ్ళు. అంతమందికి కూరలూ పచ్చళ్ళూ కావాలి కాబట్టి నెలకి రెండుసార్లయినా మిరపకాయల సంచీతో మా మరకి వచ్చేది. అసలు పేరు మాకెవరికీ తెలియదు. మా నాన్నకి ఆవిడ "మెస్సావిడ", నాకు "పిన్నిగారు". ఆవిడకి నేను "ఒరేయ్ అబ్బాయ్".

పొట్టి మనిషి. కళ్ళజోడుకి ఒక పక్క కాడ విరిగితే దారం కట్టుకుంది. నాకు తెలిసిన పదేళ్ళలో ఆ దారం రంగు మారిందే తప్ప కాడ రాలేదు. చేతిలో ఎప్పుడూ రెండు గుడ్డ సంచీలు, ఒకదానిలో ఒకటి దూర్చి ఉండేవి. కొట్టులోకి వెళ్తే ధర అడిగేది కాదు. "దీన్ని నిన్న ఎవరైనా కొన్నారా?" అని అడిగేది. కొట్టువాడు నీళ్ళు నమిలితే, ఆ వస్తువు వైపు మళ్ళీ చూసేది కాదు.

ఆవిడ అసలు విద్య ఇంకొకటుంది. ఏ కొట్టుకి వెళ్ళినా ముందు లోపలికి వెళ్ళదు. బయట నిలబడుతుంది. నిండు సంచీతో వచ్చేవాళ్ళని పోనిస్తుంది. వట్టి చేతులతో వచ్చేవాళ్ళని ఆపుతుంది.

"ఏమ్మా, అరగంట లోపల కూర్చుని వట్టి చేతులతో వస్తున్నావేం?"

అడిగిన తీరుకి కోపం రాదు. పైగా కొనకుండా వచ్చిన మనిషికి కడుపులో ఏదో ఒక మాట ఉంటుంది, అడిగేవాళ్ళ కోసమే చూస్తూ ఉంటుంది. స్టీలు సామాన్ల కొట్టు ముందు ఒకావిడ పావుగంట చెప్పడం నేను విన్నాను. గిన్నె మూత కూర్చోలేదట, ఆ మాటంటే కొట్టువాడు "ఇంటికెళ్ళి కొట్టుకోండి, కూర్చుంటుంది" అన్నాడట.

"కొన్నవాళ్ళని అడగొచ్చుగా పిన్నిగారూ, ఎందుకు కొన్నారో?" అన్నాను.

"సంచీ నిండినావిడ, ఇల్లు చేరేలోపల తను మోసపోలేదని తనకి తనే చెప్పుకోవాలిరా. ఆవిడ మాట నేనెలా నమ్మను? వట్టి సంచీకి ఆ బాధ లేదు."

నేను బేరాల్లో పుట్టి పెరిగినవాణ్ణి. మా తాతది కిరాణా కొట్టు, మేనమామలది బట్టల కొట్టు, మా నాన్నది మర. పెళ్ళిచూపులకి వెళ్ళి, వాళ్ళు తెప్పించిన పూలు ఎక్కడ కొన్నారు, ఎంతకిచ్చారు అని మామగారిని నిలదీశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అలాంటివాణ్ణి, ఆ మాట వినీ పట్టించుకోలేదు. పట్టించుకునే అవసరం తర్వాత వచ్చింది.

రెండువేల దశకం సగానికి వచ్చేసరికి ఊళ్ళో ప్యాకెట్ కారం పెరిగింది. ఎండాకాలంలో మిరపకాయలు కొని, మేడ మీద ఆరబోసి, తొడిమలు తీసి, మరకి తెచ్చి, దగ్గర నిలబడి ఆడించుకునే ఓపిక తగ్గింది. వేసవిలో వీధి చివరిదాకా ఉండే వరస మా గడప దగ్గరే ఆగిపోవడం మొదలైంది. ఒకరోజు మా నాన్న బెల్టు సరిచేస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"సెల్‌ఫోన్ల కొట్టుకి అద్దెకి అడుగుతున్నారు. వైశాఖం వెళ్ళేదాకా చూస్తాను. అప్పటికీ మర ఇలాగే ఖాళీగా ఉంటే మోటారు అమ్మేస్తాను."

ఆ మోటారు చప్పుడు లేకపోతే మా నాన్నకి మధ్యాహ్నం నిద్ర పట్టదు. ఆ మాట అంత మెల్లగా అన్నాడంటే, ఇక అది బేరం కాదని తెలిసింది.

అప్పట్లో నెట్ సెంటర్లో కూర్చుంటే, ఎవరైనా తమ సరుకు పెట్టుకోగలిగే బజారు సైట్లు కనిపించేవి. బొమ్మ పెట్టి, నాలుగు మాటలు రాస్తే, ఎక్కడో ఊళ్ళో ఉన్నవాళ్ళు కొంటారు, మనం కొరియర్లో పంపాలి. నేను మా కారం పెట్టాను. రెండు నెలల్లో రెండు ఆర్డర్లు వచ్చాయి. అందులో ఒకటి మా బావమరిది. అదే సైట్లో వేరే ఊరివాళ్ళది కారం ఒకటి ఉండేది. దాని కింద కొన్నవాళ్ళ అభిప్రాయాలు చేంతాడంత. నా దాని కింద ఒక్కటే, మా బావమరిది రాసింది: "చాలా బాగుంది బావా."

నాకు ఒక ఆలోచన వచ్చింది. నా పేజీ, ఇంకో ముగ్గురి పేజీలు తెలుగులో రాయించి, రంగుల్లో ప్రింటు తీయించాను. ఎవరిదేదో తెలియకుండా పైన పేర్లు కోసేశాను. మరకి వచ్చిన వాళ్ళకి ఇచ్చి, "వీటిలో మీరైతే ఏది కొంటారు?" అని అడిగాను. ఒకరిద్దరు తప్ప అందరూ నాదే చూపించారు. నా తెలివికి నాకే ముచ్చటేసింది. అంటే సరుకు బాగుంది, పేజీ బాగుంది, కవరే లోపం అనుకున్నాను. "నూటికి నూరుపాళ్ళు స్వచ్ఛం" అని పెద్ద అక్షరాలతో కవర్లు చేయించాను. రెండు వందలు చాలు. వెయ్యి తీసుకుంటే రేటు తగ్గిస్తానన్నాడు ప్రెస్సువాడు. బేరం కుదిరిందన్న సంబరంలో వెయ్యి తీసుకున్నాను.

ఆ కవర్ల కట్టలు దింపుతుంటే పిన్నిగారు వచ్చింది. సంగతి అంతా విని, కాగితాలు చూసి, తర్వాత నా కౌంటరు వైపు చూసింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఈ కాగితంలో కారం పోసిన పళ్ళెం ఇదేగా?"

నా చిల్లర పళ్ళెం. అంచుకి సొట్ట. బొమ్మలోనూ అదే సొట్ట.

"పేర్లు కోసి పళ్ళెం ఎదురుగా పెట్టావు. నీ మర దగ్గర నిలబడి, నీ మొహం చూస్తూ, నీది బాగాలేదని ఎవరంటారురా? వాళ్ళ మిరపకాయలు నీ తొట్టిలో ఉన్నాయి!"

మా నాన్న బస్తాల వెనక నవ్వాడు. ఆయన నవ్వు చాలా రోజుల తర్వాత విన్నాను కాబట్టి, ఆ అవమానం నాకు కొంచెం గిట్టుబాటే అయ్యింది.

"ఆ కాగితాలు ఇటివ్వు. రేపు పొద్దున ప్యాసింజరు టైముకి స్టేషనుకి రా. నా దగ్గరికి మాత్రం రాకు."

మర్నాడు నల్లపాడు ప్లాట్‌ఫారం మీద నన్ను నీళ్ళ కుళాయి దగ్గర నిలబెట్టింది. ఆవిడ పచ్చడి కలుపుతూ కలుపుతూ లేచి వచ్చినట్టుంది, కుడిచెయ్యి వేళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ముఖం తెలియని మనుషుల మధ్య కూర్చుని కాగితాలు పరిచింది. ఏది కొంటారని అడగలేదు.

"ఏమ్మా, ఈ నాలుగు కారాల్లో ఏది కొనవు?"

దర్శి వైపు వెళ్ళే ఒకావిడ సంచీ మీద మోచెయ్యి ఆనించి వంగి చూసింది. నా కాగితం మీద వేలు పెట్టింది. "ఇది కారమా, కుంకుమా? పొడి బొమ్మ వేస్తే ఏం తెలుస్తుంది, కాయ వెయ్యాలి గానీ."

పక్కన ఉన్న మేష్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "స్వచ్ఛం అని నాలుగుసార్లు రాశాడండీ. అడక్కుండా అన్ని ఒట్లు ఎందుకు పెడుతున్నట్టు?"

"తొడిమ తీశాడో లేదో రాయలేదు."

"ఉప్పు కలిపాడో లేదో?"

"ఎప్పుడు ఆడించిందో ఏమిటో."

"ఇదిగో, ఇది నయం" అని దర్శి ఆవిడ వేరే ఊరివాళ్ళ కాగితం చూపించింది. దాంట్లో మాటలు రెండే: ఉప్పు కలపలేదు, తొడిమ తీసి గింజతో ఆడించాం. "ఈయన తక్కువ మాట్లాడాడు."

నేను కుళాయి దగ్గర నిలబడి ఆ మాటలన్నీ విన్నాను. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, "తొడిమ తీస్తామండీ!" అని అరవబోయాను. పిన్నిగారు అక్కణ్ణుంచే చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. బండి వెళ్ళాక, నా కాగితం తీసి, దాని మధ్యలో బొటనవేలు నొక్కింది.

"ఇది ఎవరూ కొనరు. పద, ఆకలేస్తోంది."

మెస్‌లో అన్నం పెడుతుంటే, పని చేసినందుకు ఏదైనా ఇవ్వాలి కదా అనిపించింది. నెలకి రెండు కిలోల కారం ఇద్దామని మనసులో అనుకుని, అలవాటు చొప్పున అరకిలో నుంచి మొదలుపెట్టాను.

"పిన్నిగారూ, నెలకో అరకిలో కారం మీకు ఉచితం."

"అక్కర్లేదు."

"సరే, కిలో."

"వద్దురా."

"కిలోన్నర. ఇంక నా వల్ల కాదు."

"చారు పోసుకో" అంది. ఏమీ అడగని మనిషితో బేరం ఎలా ఆడాలో మా కొట్ల వంశంలో ఎవరూ నేర్పలేదు. తర్వాత ఎందుకో ఆవిడే అంది: "మీ మర తీసేస్తే నేను ప్యాకెట్ కారం వెయ్యాలి. మా పిల్లలు ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలుసుకుంటారు. తెలుసుకుని ఏమీ అనరు, వెళ్ళిపోతారు. అది నాకు భయం."

పేజీ మార్చాను. కాయల బొమ్మ పెట్టాను. ఒట్లు తీసేశాను. కానీ కొట్టువాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? "నిన్ననే ఆడించిన కారం" అని ఒక ముక్క కలిపాను. పిన్నిగారికి చదివి వినిపించాను.

"నిన్నంటే ఏ నిన్నరా?"

"అంటే... చదివేవాళ్ళకి నిన్న."

"నెల తర్వాత చదివినా నిన్నేనా?"

నా దగ్గర ముందే ఆడించి పెట్టిన కారం డబ్బాలకొద్దీ ఉంది. ఆడించిన రోజు రాస్తే అది కదలదు. ఆ మాటే చెప్పాను.

"అయితే ఆర్డరు వచ్చాకే ఆడించు. మర ఖాళీగా ఉందనేగా మీ నాన్న ఏడుపు?"

మంగళవారం, శుక్రవారం ఆడించడం, ఆడించిన రోజు కవరు మీద రాయడం అలా మొదలైంది. మళ్ళీ ప్లాట్‌ఫారం. ఈసారి నా కాగితం, వేరే ఊరివాళ్ళ కాగితం, ఆ రెండే. సగంమంది ఇటు, సగంమంది అటు. నాకు పండగే. పిన్నిగారు మాత్రం కాగితాలు విసుగ్గా చుట్టుకుంటూ వచ్చింది.

"సగం వచ్చారుగా?" అన్నాను.

"మిగతా సగం ఏమన్నారో విన్నావా? 'రాసుకుంటే ఏమండీ, మనం దగ్గర నిలబడలేదుగా' అన్నారు. నేనైనా అదే అంటాను."

వైశాఖం ఇంక ఎంతో దూరం లేదు. సెల్‌ఫోన్ల కొట్టాయన ఒకసారి వచ్చి, గోడలు కొలుచుకుని కూడా వెళ్ళాడు.

ఆ వారంలోనే పిన్నిగారు మెస్‌కి కాయలు ఆడించుకోవడానికి వచ్చింది. తొట్టిలో పోశాం. మోటారు అందుకుంది. మా వైపు మర దగ్గర నిలబడ్డ ఎవరైనా చేసే పనే ఆవిడా చేసింది. గొట్టం కింద రెండు చేతులూ పట్టి, మొదట వచ్చిన దోసెడు కారాన్ని తన డబ్బాలో పడనీయకుండా తీసి పక్కన పోసింది. ముందు ఆడించుకున్నవాళ్ళ కారం గొట్టంలో కాస్త మిగిలి ఉంటుంది. అది మన దాంట్లో కలవకూడదు. వాళ్ళవి ఏ కాయలో, ఉప్పేశారో, రంగు పోయిన తాలుకాయలే పోశారో ఎవరికి తెలుసు?

రెండో దోసెడు పట్టబోయి ఆగింది. చేతులు అలాగే గొట్టం కింద ఉన్నాయి, కారం వాటి మీంచి కారిపోతోంది.

"ఒరేయ్, ఇది రాశావా?"

"ఏది?"

"ఇది!" అని పక్కన పోసిన కుప్ప చూపించింది.

"అందరికీ తెలిసిందేగా పిన్నిగారూ."

"ఇక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు. అక్కడ కొనేవాళ్ళు ఇక్కడ లేరుగా! వాళ్ళ బదులు ఆ దోసెడు ఎవరు తీస్తారు?"

మోటారు చప్పుడులో ఆ మాట అరిచి చెప్పింది. మా నాన్న కూడా విన్నాడు. వెళ్ళి గొట్టం పక్కన, ఆ దోసెడు పోయడానికి, ఒక ఖాళీ డబ్బా పెట్టి వచ్చాడు.

ఆ రాత అంతా నాదే అయినా, మాటలు ఆవిడవి: "మీరు దగ్గర లేరు కాబట్టి, మీ బదులు మేము నిలబడతాం. గొట్టంలోంచి వచ్చే మొదటి దోసెడులో ముందువాళ్ళ కారం కలిసి ఉంటుంది. దాన్ని తీసి పక్కన పెట్టాకే మీ కవరు నింపుతాం." పక్కన పెట్టిన కుప్ప, దాని ముందు ఆవిడ ఎర్రటి చేతులు. అదే బొమ్మ. ముఖం వద్దంది.

ప్లాట్‌ఫారం మీద ఆ కాగితం చదివి ఒకాయన "ఇది నిజంగా మరవాళ్ళే రాశారు" అన్నాడు. సైట్లో మొదటి వారం నాలుగు ఆర్డర్లు. తర్వాత రోజూ ఏదో ఒకటి. బెంగుళూరు నుంచి ఎవరో ఒకావిడ రాసింది: "మా అమ్మ మొదటి దోసెడు పక్కన పోసేది. ఎందుకో ఇన్నాళ్ళకి తెలిసింది." నేను ఆ ముక్క పిన్నిగారికి రెండుసార్లు చదివాను. ఆవిడ కళ్ళజోడు దారం సరిచేసుకుంది.

"బాగుంది. చూసి కొనకుండా పోయినవాళ్ళు ఏమంటున్నారు?"

"వాళ్ళు కనపడరు పిన్నిగారూ. కంప్యూటర్లో కొట్టుకి గుమ్మం ఉండదు."

"అదే దాని రోగం" అంది. "గుమ్మం నువ్వే పెట్టు. కొనకపోతే ఎందుకో ఒక్క ముక్క రాయమని అడుగు" అంది.

పేజీ చివర ఆ వాక్యం పెట్టాను. ఎవరు రాస్తారు, అనుకున్నాను. రాశారు. కిలో ఎక్కువ, పావుకిలో ఇవ్వరా అన్నారు. ఘాటు తక్కువది ఉందా అన్నారు. ఒకాయన "మీ బొమ్మ చూస్తే తుమ్ము వస్తోంది" అని రాశాడు. ఆయనకి కూడా జవాబిచ్చాను. తర్వాతి నెలలో పావుకిలో కొన్నాడు.

వైశాఖం చివర సెల్‌ఫోన్ల కొట్టాయన అడ్వాన్సుతో వచ్చాడు. ఆ రోజు శుక్రవారం. మర తిరుగుతోంది. ఆయన గడపలో నిలబడి ఏదో చెబుతున్నాడు, మా నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టి, "ఏమిటీ? వినపడట్లేదండీ!" అంటున్నాడు. మోటారు ఆపితే వినపడుతుంది. ఆపలేదు. ఆయన తుమ్ముకుంటూ వెళ్ళిపోయాడు. "ఏమన్నాడు నాన్నా?" అంటే, "ఒక్క ముక్క వినపడలేదురా" అన్నాడు. అంత సంతోషంగా చెవిటివాడైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ వెయ్యి కవర్లు వృథా కాలేదు. పక్కన పెట్టిన మొదటి దోసెళ్ళు వాటిలో నింపితే, పత్తిచేల పురుగుకి కషాయం కాచుకునే రైతులు పట్టుకెళ్ళేవారు. "నూటికి నూరుపాళ్ళు స్వచ్ఛం" అన్న కవరు పురుగుల కోసం ఖర్చయింది.

కొన్నేళ్ళకి మోకాళ్ళ నొప్పులతో మెస్ తీసేసి, వాడరేవులో చెల్లెలి దగ్గరికి వెళ్ళింది పిన్నిగారు. చివరిసారి చూడటానికి వెళ్తే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. సముద్రం చూసి వెళ్ళేవాళ్ళు ఎదురుగా బొమ్మల దుకాణంలో ఆగుతున్నారు. రెండు కిలోల కారం ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఈసారి అరకిలో నుంచి మొదలుపెట్టలేదు. తీసుకుంది.

"ఎలా ఉంది మర?" అంది.

"బాగా తిరుగుతోంది పిన్నిగారూ."

"అది కాదురా. ఈ నెల ఎవరు కొనలేదు?"

ఆవిడ పోయిందన్న కబురు నాకు నెల ఆలస్యంగా తెలిసింది.

కాగితాలు దొరికిన మర్నాడు, మిట్టమధ్యాహ్నం, ఎవరో అమ్మాయి మిరపకాయల సంచీతో వచ్చింది. లోపల అప్పటికే ఇద్దరి కాయలు వరసలో ఉన్నాయి. గడపలో కాసేపు నిలబడి, సంచీ ఎత్తుకుని వెనక్కి తిరిగింది. పదిమంది వస్తున్నారు, ఒకరు పోతే పోనీ అనుకున్నాను. అంతలోనే కౌంటరు మీద ఆ వేలిముద్ర కాగితం కనిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను.

"ఏమ్మా, ఆడించుకోకుండా వెళ్ళిపోతున్నావేం?"

ఆ పిల్ల కంగారుపడింది. తర్వాత నా కాళ్ళ వైపు చూసింది. తారు కాలి, నేను ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారుతున్నాను.

"దగ్గర నిలబడి ఆడించుకురమ్మంది మా అమ్మ. నిలబడటానికి మీ దగ్గర నీడ ఏదండీ?" అంది.

ఇన్నేళ్ళుగా మనుషుల్ని ఎండలో నిలబెట్టి, "మీ బదులు మేము నిలబడతాం" అని ఊళ్ళన్నిటికీ రాసుకున్నాను. ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. సంచీ నేనే మోసుకొచ్చి, నా కుర్చీ ఫ్యాను కిందకి జరిపి, ఆ పిల్లని కూర్చోబెట్టాను. మొదటి దోసెడు తనే లేచి వచ్చి తీసి పక్కన పోసింది.

రేపు మర ముందు రేకుల పందిరి వేయిస్తున్నాను, ఒక బల్ల కూడా. రేకులవాడితో బేరం మాత్రం ఇంకా తెగలేదు.